సలోమి డాక్టరమ్మగారి గురువారాలు

పోయిన సోమవారం ఉదయం స్కానింగు గది తాళం తీస్తుండగా డాక్టరమ్మగారి తమ్ముడు ఫోన్ చేశారు. "అక్క తెల్లవారుజామున పోయిందమ్మా, గుండెపోటు" అన్నారు. సరే సార్ అని పెట్టేశాను. మొదట వచ్చిన పేషెంటు పేరు రాసి, తేదీ కూడా వేశాక గాని ఆ మాట నాకు అర్థం కాలేదు. శనివారం సాయంత్రం చెప్పులు వేసుకుంటూ, "సోమవారం తొందరగా రామ్మా, రద్దీగా ఉంటుంది" అని చెప్పి వెళ్ళిన మనిషి ఆమె.

డాక్టర్ సలోమి గారు అల్లూరులో పద్దెనిమిదేళ్ళు స్కానింగు చేశారు. అందులో చివరి ఆరేళ్ళు పేర్లు రాయడం, పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళడం నా పని. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. ఆమె మాటలు విని, ఇంటికెళ్ళి డైరీలో రాసుకునేదాన్ని. ఈ నాలుగు ముక్కలూ ఆ పేజీల్లోంచి తీసినవే.

ఆడపిల్లలకు పొత్తికడుపు స్కానింగు చేయాలంటే మూత్రాశయం నిండి ఉండాలి. అప్పుడే దాని వెనకున్న గర్భసంచి, అండాశయాలు తెరమీద తెలుస్తాయి. పిల్లలు అన్ని నీళ్ళు తాగరు, తాగినా ఆపుకోలేరు. డాక్టరమ్మగారు తానూ ఒక గ్లాసు పట్టుకుని వాళ్ళ పక్కన కూర్చునేవారు. ముందు ఎవరు లేస్తే వాళ్ళు ఓడినట్టని పందెం. చాలాసార్లు ఆమే ఓడి పరుగెత్తేవారు. పొట్టమీద రాసే జెల్ సీసాను వేడినీళ్ళ గిన్నెలో పెట్టించేవారు. గౌను మాత్రం ఆమె ఎప్పుడూ తాకలేదు. "నువ్వే జరుపుకో తల్లీ, నాకు బొడ్డు కింద జానెడు చాలు" అనేవారు. ఆమెకు విసుగు లేదని చెప్పను. పెద్దవాళ్ళ మీద గట్టిగానే అరిచేవారు, నా మీద కూడా. పిల్లల మీద అరవగా నేను వినలేదు.

మూడేళ్ళ కిందట ఒక సోమవారం, చేపలు పట్టే పల్లె నుంచి రవణమ్మ అనే అవ్వ పదకొండేళ్ళ మనవరాలిని తీసుకొచ్చింది. పిల్లకు కుడివైపు పొత్తికడుపులో నొప్పి వచ్చి పోతూ ఉంది. రెండుసార్లు వాంతి అయింది. నీళ్ళు తాగించారా అని అడిగాను.

"యాడమ్మా, బస్టాండులోనే ఒంటికి కూర్చోబెట్టి తెచ్చినా. డాక్టరమ్మ మంచం మీద పోస్తే బాగుంటాదా?"

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది చేసే పొరపాటే ఇది. మళ్ళీ తాగించి ముప్పావుగంట ఆగాలి. బయట బల్లమీద వంతు కోసం కూర్చున్నవాళ్ళంతా గర్భిణులు. ఒకామె "పాపకెందుకవ్వా స్కానింగు?" అంది. పక్కామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ లేచి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"మేం పోతన్నాం. పెళ్ళి కాని బిడ్డకి స్కానింగు తీసినారంటే మా పల్లెలో ఏమనుకుంటారు? రేపు దీన్నెవురు చేసుకుంటారు?"

నేను లోపలికెళ్ళి చెప్పాను. డాక్టరమ్మగారు గుమ్మంలోకి వచ్చారు.

"అవ్వా, లోపల అండాశయం మెలిపడిందేమోనని నా భయం. ఆలస్యమైతే అది చచ్చిపోతాది, కోసి తీసెయ్యాల."

"నువ్వెన్నైనా చెప్పు. అది కడుపుతో ఉండేవాళ్ళ మంచం."

"అయితే ముందు నువ్వెక్కు."

"నేనా!"

"నువ్వే. తలుపు తీసే పెడతా, అందురూ చూడనీ. నీక్కూడా నెల తప్పిందంటారేమో చూద్దాం."

బల్లమీద వాళ్ళంతా నవ్వారు. పిల్ల కూడా నవ్వబోయి నొప్పితో పొట్ట పట్టుకుంది. అది చూసి అవ్వ మంచం ఎక్కింది. డాక్టరమ్మగారు తెర చూపించి, "ఇదో నీ కార్జం. బిడ్డ యాడా లేదు, ఊరికి పోయి చెప్పుకో" అన్నారు.

ఆ తరువాత ముప్పావుగంటా అవ్వ కదలలేదు. గ్లాసు తానే అందించింది. స్కానింగులో కుడి అండాశయం మీద నీటితిత్తి కనిపించింది, ఆ బరువుకు అండాశయం మెలిపడుతోంది. డాక్టరమ్మగారు ఆ సంగతి ముందు పిల్లకే చెప్పారు. "దాని పొట్టలో సంగతి దానికి తెలిశాకే మనకు" అనేవారు. తన కారులోనే నెల్లూరు పంపించారు. ఆ సాయంత్రమే ఆపరేషన్ అయింది. తిత్తిని తీసేశారు, అండాశయం దక్కింది.

ఆ వారం నుంచి గురువారం ఉదయాలు పిల్లలకు మాత్రమే. ఎవరూ రాని గురువారాల్లో కూడా, ఆ పూట బల్ల ఖాళీగానే ఉండాలని ఆమె పట్టుదల.

ఆమె పోయాక వచ్చిన మొదటి గురువారం, స్కానింగు లేదని తలుపుకు కాగితం అంటించి బయట కూర్చున్నాను. రవణమ్మవ్వ వచ్చింది. వెంట పక్కింటి కోడలు, ఆమె ఏడేళ్ళ కూతురు. వాళ్ళకు సంగతి తెలియదు. చెప్పాను. అవ్వ గడపమీదే కూలబడింది. "మొన్ననే గదమ్మా నన్ను తిట్టింది" అంది.

స్కానింగుకు ఇక నెల్లూరే పోవాలని చెప్పాను. పిల్ల తల్లి, "ఇంటికి పోదాం పద అత్తా. నెల్లూరులో మనకెవురు తెలుసు? ఊళ్ళో తెలిస్తే మళ్ళా అదో మాట" అంది.

"ఏం మాట మే? బిడ్డ నెల్నాళ్ళుగా నొప్పంటా ఉంటే! నెల్లూరు బస్సెక్కు. అడిగినోళ్ళకి నేను చెప్తా." అవ్వ నావైపు తిరిగి, "ఆస్పత్రి పేరు రాసియ్యమ్మా" అంది.

రాసిచ్చాను. బస్సులో నెల్లూరికి గంటకు పైగానే పడుతుంది. అంత దూరం మా తీరపు పిల్లలు నొప్పితో కూర్చోకుండా పద్దెనిమిదేళ్ళు కాచిన చేతులకు నమస్కారం. ఆ గంట ఇప్పుడు మళ్ళీ మాకు వచ్చిపడింది.