మా నాయన కోరుకున్న విచారణ

మా నాయన తనను విచారించమని సర్కారును బతిమాలుకున్న మనిషి. కేసుల్లోంచి తప్పించుకోవడానికి సిఫార్సులు పట్టుకుని తిరిగేవాళ్లను అందరూ చూసే ఉంటారు. నన్ను పిలిచి అడగండి, తప్పుంటే శిక్ష వేయండి అని కచేరీ మెట్లెక్కినవాణ్ని మాత్రం నేను మా ఇంట్లోనే చూశాను. ఆయన కూతురినని చెప్పుకోవడం నాకు ఈ వయసులో కూడా గర్వంగా ఉంటుంది.

మాది కంబదూరు పక్కన మెట్ట సేద్యం. వాన పడితే వేరుశనగ, పడకపోతే మబ్బుల వైపు చూస్తూ కూర్చోవడం. తెల్లవాళ్ల యుద్ధకాలంలో వరసగా పంటలు ఎండిపోతే నాయన పటాళంలో చేరాడు. ఆయన్ను యుద్ధానికి పంపలేదు. పట్టుబడిన శత్రు సైనికులను తెచ్చి పెట్టే శిబిరానికి కాపలా వేశారు. ఖైదీలూ తెల్లవాళ్లే, వాళ్ల మీద అధికారులూ తెల్లవాళ్లే. మధ్యలో తుపాకి పట్టుకుని ఎండలో నిలబడేది మాత్రం మనవాళ్లు.

ఒక ఎండాకాలంలో ఒక ఖైదీ కంచె దాటబోయి దొరికిపోయాడు. శిబిరం దొర అతన్ని బయట గుంజకు కట్టించి, చుక్క నీళ్లు కూడా ఇవ్వకూడదని హుకుం జారీ చేశాడు. ఆ రోజు కాపలా నాయనది. ఖైదీ మాట్లాడే భాష నాయనకు రాదు. కానీ మనిషి నీళ్లు అడుగుతున్నాడని తెలుసుకోవడానికి భాషతో పనేముంది? నాయన నడుముకు నీళ్ల బుడ్డి వేలాడుతూనే ఉంది. నాయన ఇవ్వలేదు. పొద్దు వాలేసరికి ఖైదీ ప్రాణం పోయింది. జ్వరంతో పోయాడని రాసుకుని పూడ్చిపెట్టారు. దొరను ఎవరూ అడగలేదు, నాయననూ ఎవరూ అడగలేదు.

యుద్ధం ముగిసి ఇంటికొచ్చాక నాయన ఈ సంగతి దాచుకోలేదు. అదే మా అమ్మకు పెద్ద తలనొప్పి అయింది. ఆయన మొదలుపెట్టగానే ఆమె ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేది. టీ అంగడి దగ్గర మగవాళ్లయితే మొహం మీదే అనేవారు.

“తెల్లోన్ని తెల్లోడు సంపుకుంటే నీకేమప్పా నొప్పి?”

“ఈడ మన పిల్లోల్లకే తాగేదానికి నీళ్లు ల్యాక సస్తాండాము. నీకు ఆ తెల్లోని నీళ్ల సంగతి కావల్లనా?”

కరువులో బతికేవాళ్ల మీద నాకు జాలి లేక కాదు. కానీ వీళ్లే ఒకరి మేక ఇంకొకరి చేలో పడితే పొద్దుగూకే దాకా పంచాయతీ చేసేవాళ్లు. మనిషి చచ్చిన సంగతి వినడానికి వచ్చేసరికి అందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

స్వరాజ్యం వచ్చింది కాబట్టి ఇక అడిగేవాళ్లు వస్తారని నాయన నమ్మాడు. ఏటా కల్యాణదుర్గంలో జమాబంది జరిగేది. రైతులు పొలం గట్ల తగాదాలూ పట్టాల గొడవలూ అధికారి ముందు చెప్పుకునే రోజు అది. నాయన కూడా వరసలో నిలబడి, తన వంతు వచ్చాక శిబిరం సంగతి చెప్పేవాడు. అధికారి మొదట మర్యాదగా వినేవాడు, తర్వాత గడియారం చూసుకునేవాడు. ఇది రెవెన్యూ వాళ్ల పని కాదని పోలీసులకు చెప్పమనేవాడు. పోలీసులు మిలిటరీకి చెప్పమనేవాళ్లు. మిలిటరీ వాళ్లు ఎక్కడుంటారో చెప్పేవాడు మా తాలూకాలో ఎవడూ లేడు. నాయన అట్లాగే నడిచి ఇంటికొచ్చేవాడు.

అమ్మకు భయం. “ఎంక్వారీ చేసి నిన్నే పట్టుకపోతే మా గతేంగానూ?” అని తిట్టేది.

“పోనీలే. పట్టుకపోయేదానికైనా వస్తారు గదా” అనేవాడు నాయన.

ఒక ఏడు కరువు చూడటానికి మంత్రి వస్తున్నాడని తెలిసింది. ఊరి బావి తవ్వించమని అడగాలని పెద్దమనుషులు అనుకున్నారు. మా చేని బావిలో మాత్రమే కాస్త తియ్యటి నీళ్లున్నాయి, అందుకని మంత్రిని మా ఇంటి ముందరే కూర్చోబెట్టాలన్నారు. మా వైపు ఒక పద్ధతి ఉంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్లిస్తారు. ఆ మనిషి తాగి చెంబు కింద పెట్టేదాకా ఇవతలివాళ్లూ పని అడగరు, అవతలివాళ్లూ పని చెప్పరు. తాగాక మొదటి మాట మాత్రం ఆ ఇంటి యజమానిదే. పెద్దమనుషులు ఈ పద్ధతిని లెక్కచేయకుండా మా ఇల్లు ఎంచుకున్నారు. నాయనకు మాత్రం గట్టిగా చెప్పారు: “నువ్వు నీళ్లిచ్చి పక్కకు పో అన్నా. మాట మేము చెప్తాము.”

మంత్రి వచ్చాడు. నాయన చెంబు అందించాడు. మంత్రి కూడా మా సీమ మనిషే. నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, పద్ధతి ప్రకారం నాయన వైపే తిరిగాడు. “చెప్పప్పా, ఏమి మీ కష్టం?” అన్నాడు.

నాయన బావి మాట ఎత్తలేదు. “ఇట్లే ఒక మనిషి నన్ను నీళ్లు అడిగినాడు సామీ” అని మొదలుపెట్టాడు. పెద్దమనుషుల మొహాలు మాడిపోయాయి. వెనకనుంచి ఒకాయన నాయన చొక్కా పట్టుకుని లాగాడు కూడా. నాయన ఆపలేదు, గొంతు పెంచలేదు. అంతా చెప్పాడు.

మంత్రి చెంబును పక్కకు జరిపాడు. “అది ఎనకటి సర్కారు సంగతి గదప్పా. దానికి మమ్మల్ని అడిగితే ఎట్ల?” అన్నాడు.

“వాళ్ల కచేరీలు తీసుకున్నారు, వాళ్ల జైళ్లు తీసుకున్నారు, వాళ్ల పటాళం తీసుకున్నారు. ఇది మాత్రం మాది గాదంటే ఎట్ల సామీ?”

మంత్రి లేచి జీపెక్కాడు. బావి ఆ ఏడు పక్క ఊరికి పోయింది. మా ఊళ్లో చాలామంది నాయనతో మాట మానేశారు. మాట మానేసినా వాళ్ల ఆడవాళ్లు మా బావికే వచ్చేవారు. నాయన ఎవరి కడవకూ అడ్డం చెప్పలేదు, తానే చేది పోసేవాడు. అంత మొండి మనిషినీ అంత మంచి మనిషినీ నేను మళ్లీ చూడలేదు.

తర్వాత కొన్నేళ్లకు సరిహద్దులో యుద్ధం వచ్చింది. ఒకరోజు మా ఇంటి ముందు సర్కారు జీపు ఆగింది. అందులోంచి దిగిన అధికారి, నాయన పటాళంలో పనిచేసిన శిబిరం పేరు చెప్పి, అక్కడ కాపలా కాసింది మీరేనా అని అడిగాడు. అమ్మ వాకిట్లోకి వచ్చి నాయన చెయ్యి పట్టుకుంది. నాయన మొహం వెలిగిపోయింది. “వచ్చినారు” అన్నాడు. లోపలికి పోయి ఉతికిన పంచ కట్టుకుని, రుమాలు చుట్టుకుని బయటికొచ్చి నిటారుగా నిలబడ్డాడు.

అధికారి వచ్చింది విచారణకు కాదు. ఖైదీల శిబిరాలకు కాపలావాళ్లు కావాలట, అనుభవం ఉన్న పాత సిపాయిలను వెతుకుతున్నారట. జీతం, బట్టలు, ఇంటికి బియ్యం ఇస్తారట. ఆ ఏడు కూడా మాకు పంట లేదు. ఇంట్లో రాగులు అడుగంటాయి.

నాయన అంతా విన్నాడు. చివరికి అడిగాడు. “ఆడ ఖైదీకి ఏమన్నా అన్యాయం జరిగితే ఎవరికి చెప్పల్ల?”

“పై అధికారికి.”

“ఆ పై అధికారే చేస్తే?”

అధికారి జీపు వైపు తిరిగాడు. “అది కనుక్కొని రాండి సామీ, వస్తాను” అన్నాడు నాయన. ఆ జీపు మళ్లీ మా ఊరికి రాలేదు.

ఆ సాయంత్రం నాయన పంచ కూడా మార్చుకోకుండా అరుగు మీద కూర్చుండిపోయాడు. వచ్చిన బియ్యం కాలదన్నాడని అమ్మ తిడుతుందని నేను చెవులు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. అమ్మ పలచటి అంబలి తెచ్చి ఆయన ముందు పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుంది.

“ఇంగ వాళ్లెవరూ నిన్ను అడగరు” అంది. “నేను అడుగుతాండా. ఆ దినం ఏం జరిగిందో చెప్పు.”

నాయన మొదటినుంచి చెప్పాడు. అమ్మ మధ్యలో లేవలేదు. అంతా విన్నాక, అన్నేళ్లలో ఎవరూ అడగని మాట అడిగింది.

“నీ నడుముకు నీళ్లు ఉండాయి గదా. ఎందుకు ఇయ్యలేదు?”

నాయన రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“భయపడినా” అన్నాడు.