జార్జిదొర కోసం శేరిగూడ దాకా

ఇంగ్లండ్‌లో ఉన్న ఒక దూరపు చుట్టం రాసిన రెండు ముక్కలతో ఈ ప్రయాణం మొదలైంది. మా అమ్మ తండ్రి జార్జిది కెంట్ ప్రాంతపు తోటమాలుల వంశం. ఆయన తాత నిజాం కాలంలో ఒక జాగీర్దారు తోట పెంచడానికి ఓడెక్కి వచ్చి, ఇబ్రహీంపట్నం దగ్గర శేరిగూడలో స్థిరపడ్డాడు. మూడో తరం వాడైన జార్జి, మరియమ్మ అనే తెలుగు క్రైస్తవురాలిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె మా అమ్మమ్మ. రజాకార్ల దాడులు పెరిగిన రోజుల్లో ఆయన భార్యనూ పాలుతాగే కూతురినీ బండెక్కించి సికింద్రాబాద్ పంపాడు. వెనకే వస్తానన్నవాడు రాలేదు. లండన్ పారిపోయాడని మా ఇంట్లో అందరూ నమ్మారు. నేను రెండేళ్లుగా ఆ వంశవృక్షం గీస్తూ, పాత చర్చి రికార్డుల వెంటపడి ఆ చుట్టాన్ని పట్టుకున్నాను. "జార్జి ఇక్కడికి రాలేదు, మేమూ ఆయన కోసమే వెతుకుతున్నాం" అని జవాబొచ్చింది.

మా అమ్మకు ఎనభై దగ్గర పడుతున్నాయి. దొర వదిలేసిన పిల్ల అని చిన్నప్పటి నుంచీ మాటలు పడ్డ మనిషి. ఆయన ఊసెత్తితే లేచి వంటింట్లోకి పోయేది. ఈ కబురు చెప్పగానే మాత్రం పోలేదు. "మరి ఏడికి పోయిండే?" అంది. తన తండ్రి గురించి అమ్మ నన్ను ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. జవాబు తేకుండా ఊరుకోకూడదనుకున్నాను. మొండితనంలో నేను ఎవరికీ తీసిపోను, మా స్కూల్లో పిల్లల్ని అడగండి.

దసరా సెలవులు మొదలైన రోజే బయల్దేరాను. తార్నాక నుంచి ఎల్బీనగర్ వచ్చి, అక్కడ ఎనిమిదింటికి ఇబ్రహీంపట్నం బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. మగవాళ్లు చిల్లర పట్టుకెళ్లండి, కండక్టర్ల ఓపికకూ హద్దుంటుంది. తుర్కయాంజాల్ దాకా అపార్ట్‌మెంట్లు చూస్తూ కూర్చోవడమే పని. ఆదిభట్ల వైపు తిరిగే కంపెనీ బస్సుల వల్ల కాసేపు ఆగిపోతాం. ట్రాఫిక్ బాగుంటే గంటలోపే శేరిగూడ.

రోడ్డు మీద దిగి ఆటో అన్నను అడిగాను, జార్జిదొర తోట తెలుసా అని.

"తోటనా? గీడ అన్ని కాలేజీలు, హాస్టళ్లే అక్కా. ఏ కాలేజో చెప్పు, దింపుత" అన్నాడు.

పాత ఊళ్లోకి దింపమన్నాను. ముప్పై రూపాయలు తీసుకున్నాడు. మొదటి గుమ్మంలో ఒకావిడ పిండి చేతులతో వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "ఇయ్యాల పెత్రమాస. పొయ్యి మీద గారెలున్నయ్. రేపు రా" అని తలుపేసింది. రెండో ఇంట్లో ఆ మాత్రం మర్యాద కూడా దొరకలేదు. పెత్రమాస అంటే పెద్దల అమావాస్య. పోయినవాళ్ల పేర్లు చెప్పి పూజారి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చే రోజు. మాది చర్చి ఇల్లు కాబట్టి నాకు గుర్తే లేదు. ఊరంతా తీరిక లేకుండా ఉన్న రోజే దొరికింది నాకు. తిరిగి పోదామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ సాయంత్రం అమ్మ ముఖం ఎలా చూడను?

టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటూ అక్కడ వండే అక్కతో మొర పెట్టుకున్నాను. "ఇంటింటికి తిరుగుడెందుకు? ముసలోళ్లంత హనుమాన్ల గుడికాడ అయ్యగారి ముంగటనే ఉంటరు. పోయి కూసో" అంది. చట్నీ మళ్లీ వేసి మరీ పంపింది.

గుడి ముందు షామియానా కింద అయ్యగారు కూర్చున్నారు. ఒక్కొక్కరే బియ్యం పళ్లెం పెట్టి పేర్లు చెబుతున్నారు. తండ్రి, తాత, ముత్తాత, తల్లి వైపు వాళ్లు. నేను ఒక మూల కూర్చుని, వరుస తగ్గాక ఎవరిని అడగాలా అని ముఖాలు చూస్తున్నాను. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన వంతు వచ్చింది.

"బాలయ్య. మల్లయ్య. నర్సయ్య. లచ్చమ్మ" అని ఆగి, "జార్జిదొర" అన్నాడు.

"గోత్రం?" అయ్యగారు అడిగారు.

"ఎప్పటి లెక్కనే, మాదే చెప్పు."

ఆయన లేచేదాకా ఆగలేక చెయ్యి పట్టుకున్నాను. నేను జార్జిదొర మనవరాలినని చెబితే నమ్మలేదు. అమ్మమ్మ పేరు చెప్పాను. ఆయన అక్కడే గద్దె మీద నన్ను కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చున్నాడు.

ఆయన పేరు యాదయ్య. డెబ్బై దాటాయి. చెప్పడం మొదలుపెట్టాడు.

"మా బాపు బాలయ్య కమ్యూనిస్టు సంఘంల తిరిగెటోడు. కాలుకు తూట తగిలితె దొరనే తోటల దాసిండు. పెండ్లాం పిల్లను పంపినంక దొర గూడ పోవాల్సింది. మా బాపును ఇడిచిపెట్టి పోలే. కట్లు కట్టిండు, అన్నం పెట్టిండు. యూనియన్ మిలిట్రీ వచ్చినంక ఇగ రేపో మాపో పోత అనుకుంట ఉంటె జరమొచ్చింది. బాటలు బంద్, దవాఖాన లేదు. నాలుగొద్దులల్ల పోయిండు. గా పెత్రమాస సంది బియ్యం ఇస్తనే ఉన్నం. పెండ్లాం పిల్ల లండన్ పోయిన్రనుకున్నం. దిక్కులేనోడైతడని."

సికింద్రాబాద్‌లో అమ్మమ్మ ఆయన లండన్ పోయాడనుకుంది. ఇక్కడ వీళ్లు ఆమే లండన్ పోయిందనుకున్నారు. మధ్య దూరం ఒక పూట ప్రయాణం.

"మా అమ్మమ్మ కొన్ని నెలలకు ఒక మనిషిని పంపిందట" అన్నాను. "బంగ్లాకు తాళం ఉందని, ఊళ్లో ఎవరూ ఏమీ చెప్పలేదని తిరిగొచ్చాడట."

"పట్నం మనిషొకడు దొర గురించి అడిగిండని మా బాపు చెప్తుండె. గప్పుడు మిలిట్రీ సంఘపోళ్లను పట్టుకపోతుండె బిడ్డా. దొర ముచ్చట చెప్తె మా బాపును దాసిన ముచ్చట బయటవడ్తదని ఊరంత నోరు మూసుకున్నది. గా మనిషి మీ అమ్మమ్మ పంపినోడా?" అని యాదయ్య తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. ఒక్క మాట చెప్పి ఉంటే మా అమ్మ బతుకు వేరేగా ఉండేది. కానీ ఆ మాట చెప్పి ఉంటే ఈ యాదయ్యే పుట్టేవాడు కాదేమో. సమాధి చూపించమన్నాను. తీసుకెళ్లాడు. తోట అంచున పూడ్చిన చోట ఇప్పుడు హాస్టల్ ప్రహరీ, దాని పక్కన వరుసగా బైకులు. చెట్టన్నది లేదు. ఆ సిమెంటు మీద నిలబడే అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. తర్వాత యాదయ్య అడిగి మరీ ఫోన్ తీసుకున్నాడు.

"అక్కా, ఎవ్వలు లేరనుకొని ఇన్నేండ్లు మేమిచ్చినం. ఇప్పుడు బిడ్డవు నువ్వున్నవ్. ఇగ మేం ఇయ్యాల్నా, వద్దా?"

ప్రార్థన తప్ప వేరే తంతు ఎరగని మా అమ్మ ఏమంటుందో అని స్పీకర్ నొక్కాను.

"ఇయ్యి తమ్మీ. పై యేడు నేనొచ్చి పక్కన కూసుంట" అంది. మళ్లీ తనే, "ఆఖరుకు ఏమన్న తిన్నడా మా నాయిన?" అని అడిగింది.

"మా అవ్వ గంజి తాగిచ్చింది అక్కా" అన్నాడు యాదయ్య.

మూడు గంటలకు యాదయ్య ఇంట్లో గారెలు తిని తిరుగు బస్సెక్కాను. వంశవృక్షమంటే రక్తం గీత అనుకుని రెండేళ్లు గీశాను. ఆ గీత తెగిన చోట, తమ గోత్రం అరువిచ్చి ఒక పరాయి మనిషిని తమ పెద్దల్లో కూర్చోబెట్టుకున్నారు వీళ్లు. ఇంగ్లండ్ చుట్టానికి పంపిన కాగితంలో జార్జి పక్కన బాలయ్య పేరు కూడా రాశాను. ఈయన ఏమవుతాడని అడిగారు. ఇంకా జవాబు రాయలేదు, ఏ వరుస రాయాలో నాకూ తెలియదు.

ఇలా పోయినవాళ్ల జాడ వెతుక్కుంటూ తెలంగాణ ఊళ్లకు వెళ్లేవారికి ఒక్క సలహా. పెత్రమాస నాడు పొద్దున పదింటికల్లా అయ్యగారు కూర్చునే చోటికి చేరండి. ఎవరినీ ఏమీ అడక్కండి. చివరి పళ్లెం లేచేదాకా పేర్లు వినండి.