రంగుల పిన్ని వేసిన కొండ

ఇరవై ఎనిమిదేళ్ళు రంగుల దుకాణంలో రంగులు కలిపిన మనిషికి రంగు గురించి ఇంకొకళ్ళు చెప్పాలిటండీ? పిన్ని ధీమా అదీ. గోడ పెచ్చు ఒకటి తెచ్చి చేతిలో పెడితే చాలు, అదే రంగు డబ్బా నిండా కలిపి ఇచ్చేది. వీధి వీధంతా ఆమెను రంగుల పిన్ని అనే పిలిచేవాళ్ళు. ఉద్యోగం మానేసిన మర్నాడే వెళ్ళి ఆయిల్ పెయింటింగ్ తరగతిలో చేరింది.

మాస్టారు ఆమె కొడుకు వయసువాడు. అందరికీ ఒకే పాత చిత్రం అచ్చుబొమ్మ ఇచ్చి నకలు వెయ్యమన్నాడు. ముందు చెట్లు, మధ్యలో ఏరు, వెనక దూరంగా కొండ. నకలు కుదిరినవాళ్ళని ఆదివారం నిజం ఏటి ఒడ్డుకే తీసుకువెళ్ళి బొమ్మ వేయిస్తాడు. కుదరనివాళ్ళకి ఇంకో ఆర్నెల్లు ఇదే నకలు. అన్నేళ్ళూ కౌంటరు వెనక ట్యూబులైటు కింద నిలబడ్డ మనిషి, ఎండలో కూర్చుని రంగు కలపాలని ఎంత ఆశపడిందో! "ఆదివారం నేనింట్లో ఉండనే, రాకు" అని చెల్లెలికి ఫోను కూడా చేసేసింది. ఆలు లేదు, చూలు లేదు.

కొండ దగ్గర పిన్ని తన విద్యంతా చూపించింది. నీలం, తెలుపు, కాస్త బూడిద, చిటికెడు ఎరుపు. అచ్చుబొమ్మలో కొండ నడుమ పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. కొండ మొత్తానికి సరిపడా ఒకేసారి కలిపి, ఎక్కడా అతుకు కనిపించకుండా నున్నగా పూసి, కుంచె కడుక్కుని కూర్చుంది.

మాస్టారు వచ్చి చూశాడు. "రంగు బాగా కలిపారు పిన్నిగారూ. కానీ ఇది కొండ కాదు, ప్రహరీగోడ. ఏటికి అడ్డంగా కట్టేశారు."

తరగతంతా గొల్లుమంది.

"కొండంతటికీ ఒకటే రంగు పూశారు, అదీ చిక్కు."

"రెండోసారి కలిపితే అతుకు తెలిసిపోదూ బాబూ! గోడ మీద అతుకు కనిపిస్తే జనం మా మీద విరుచుకుపడేవాళ్ళు!"

"కొండ మీద ఎవరూ పడరు లెండి. ఇంకో గంట టైముంది."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి కదా, పది నిమిషాలు మూతి ముడుచుకుని కూర్చుంది. తరవాత అచ్చుబొమ్మని కళ్ళ దగ్గర పెట్టుకుంది. కొండ కొసన ఒక రంగు, నడుమ ఒకటి, కింద మంచులో ఇంకొకటి. ఇక్కడున్న రంగు పక్కన లేదు.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది! దీన్ని ఒక్క డబ్బాతో పూశానా!" అంటూ కత్తి తీసుకుని కొండంతా గీకిపారేసింది.

"అయ్యో పిన్నీ, మొత్తం పోయిందే!" అంది పక్కనున్న అమ్మాయి.

"పోనీవే. నాకు రంగు కలపడం వచ్చు. నలభైసార్లు కలుపుతాను."

గోరంత రంగు కలిపి ఒకచోట పెట్టింది. ఇంకాస్త తెలుపు తగిలించి దాని పక్కన పెట్టింది. అన్నీ అతుకులే!

గంటయ్యాక మాస్టారు గుమ్మం దగ్గరే ఆగిపోయి, అక్కణ్ణుంచే చూశాడు.

"పిన్నిగారూ, ఆ కొండ దాకా నడిచి వెళ్ళాలంటే పొద్దుగూకిపోతుందండీ."

పిన్ని సంతోషంతో కళ్ళు తుడుచుకుంటే చెంపంతా నీలం అంటుకుంది.

"అయితే ఆదివారం పెందలాడే బయల్దేరదాం బాబూ," అంది.