అనసూయ టీచర్ పట్టిన రోకలి

పొద్దుటి నుంచి ఇల్లంతా పసుపు కొమ్ముల వాసన. రేపు మా చిన్నదాని పెళ్లికి పసుపు దంచాలి. కొమ్ములు ఎండబెట్టి చేటలో పోసి పెట్టాను. ఈ వాసనకు అందరికీ పెళ్లి సందడి గుర్తొస్తుంది. నాకు మాత్రం గుండె ఒక్క క్షణం ఆగి మళ్లీ కొట్టుకుంటుంది. ఎందుకో ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నాకు సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా పెద్దబిడ్డ రేణుక రాస్తోంది. ఇది దానికి కూడా తెలియని సంగతి. రాయి బిడ్డా, మధ్యలో ఆపకు.

చివ్వెంల దగ్గర మా ఊరి బడిలో నేను పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేదాన్ని. మా ఆయన మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. బస్తాల వరస కూలి మీద పడితే మనిషి మళ్లీ లేవలేదు. అప్పటి నుంచి ఎవరైనా మంచి పనికి బయలుదేరుతుంటే నేను గోడ చాటుకు తప్పుకునేదాన్ని. ఎవరూ చెప్పనక్కరలేదు, కాళ్లే అలా పోయేవి. అలాంటి రోజుల్లో అనసూయ టీచర్ మా బడికి వచ్చింది. కోదాడ వైపు పనిచేసి రిటైరై, సూర్యాపేటలో గది కిరాయికి తీసుకుని ఉండేది. శనివారం సాయంత్రం బస్సు దిగి, బడి వరండాలో పిల్లలను కూర్చోబెట్టుకుని దేవుళ్ల కథలు చెప్పేది. నుదుట పెద్ద కుంకుమ బొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. ఆమెను చూస్తే ఎవరికైనా పేరంటానికి పిలవాలనిపిస్తుంది. సారు ఎక్కడుంటారని మా ఊరి ఆడవాళ్లు అడిగితే నవ్వి వేరే మాటలోకి పోయేది. చదువుకున్నవాళ్ల ఇళ్లలో మొగుడొక చోట, పెళ్లామొక చోట ఉండటం మామూలే కదా అనుకున్నాం.

కథలు చెప్పి ఊరుకునేది కాదు, వీలైనప్పుడల్లా పిల్లలను గుళ్లకు తీసుకుపోయేది. పిల్లల వెంట ఒక ఆడమనిషి ఉండాలని నన్ను రమ్మంది. మొదటిసారి పిల్లలమర్రి శివాలయానికి పోయాం. అందరూ లోపలికి పోతుంటే నేను చెప్పుల దగ్గర కూలబడ్డాను.

"మీరు పోయి రాన్రి టీచరమ్మా, నేను జెప్పులు సూస్త" అన్నాను.

"చెప్పులెవరు ఎత్తుకుపోతారు సైదమ్మా? పిల్లలు స్తంభాలెక్కుతారు, వాళ్లను చూడటానికి నువ్వు కావాలి నాకు. లే" అంది.

అదే సాకుగా లోపలికి పోయాను. ఆమె చదువు చెప్పే తీరే వేరు. ముందు కథ చెప్పదు. నువ్వేం చూశావో చెప్పు, అప్పుడు కథ అంటుంది. ఒక పిల్లకు నల్లరాతి స్తంభంలో తన మొహం కనబడిందట. ఇంకొకడు నంది చుట్టూ తిరిగొచ్చి, "గిది ఇప్పుడే మేసొచ్చినట్టుంది టీచర్, నెమరేస్తంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఎక్కడ చూసి తెలుసుకున్నావు, దవడ చూపించు అంటూ వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. తర్వాత శివుడి కథంతా ఆ దవడ దగ్గర నుంచే చెప్పింది. నేను వెనకాల నిలబడి విన్నాను. మా ఆయన పోయాక గుడిలో నేను తలెత్తి చూడటం అదే మొదలు.

తర్వాత రేణుక పెళ్లి కుదిరింది. పసుపు దంచే రోజు రోకలికి కంకణం కట్టారు. ముందుగా ఎవరు పట్టాలి? తల్లినైనా నేను పనికిరాను. అనసూయ టీచర్‌ను బతిమాలి పిలిపించుకున్నాను. అంత నిండైన ముత్తైదువ చెయ్యి పడితే నా బిడ్డ కాపురం చల్లగా ఉంటుందని నా ఆశ. ఆమె వచ్చింది. రోటి దగ్గర నిలబడి, సైదమ్మను పిలవండి, తల్లి చెయ్యి ముందు పడాలి అందట. నేను పొయ్యి దగ్గర పొగలో దాక్కున్నాను, పిలిచినా పలకలేదు. చాలాసేపటికి రోకటి పోటు వినబడింది. తలుపు సందులోంచి చూస్తే ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. పసుపు ఘాటు అనుకున్నాను.

రేణుకకు నెలలు నిండుతున్నప్పుడు పిల్లలను వాడపల్లి తీసుకుపోయాం. అక్కడ నరసింహస్వామి ముందు రెండు దీపాలుంటాయి. పాదాల దగ్గరిది కదలదు, ముక్కుకు ఎదురుగా ఉన్నది అల్లాడుతూ ఉంటుంది. స్వామి ఊపిరి తగిలి అలా ఊగుతుందని అంటారు. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. వాళ్లలో ఒక గడుసు పిల్ల, "పాపం జేసినోళ్లు ముంగట నిలవడితే ఊపిరి ఆపుకుంటడా టీచర్?" అని అడిగింది. నన్నడిగితే ఎలా, నిలబడి చూసి చెప్పు అంది టీచర్. ఆ పిల్ల చాలాసేపు చూసి, ఆపుకోవట్లేదు టీచర్ అని ఒప్పుకుంది.

దర్శనం అయ్యాక పిల్లలు చెట్ల కింద పులిహోర తింటుంటే మేమిద్దరం కృష్ణలో కాళ్లు కడుక్కుందామని మెట్లు దిగాం. స్నానం చేసి వస్తున్న ఒకామె టీచర్‌ను చూసి ఆగిపోయింది. టీచర్ ఆడబిడ్డ అని తర్వాత తెలిసింది. అరవలేదు, మెల్లగానే అంది.

"ఏం వదినా, మా అన్న పోయి ఇన్నేళ్లయినా ఆ బొట్టు చెరపవా? గుళ్లో కూడా నలుగురినీ మోసం చేస్తున్నావా?"

అని తడిచీర దులుపుకుంటూ వెళ్లిపోయింది. నా చెవుల్లో ఏటి హోరు తప్ప ఏమీ లేదు. నా కళ్లు ఆ బొట్టు మీది నుంచి కదల్లేదు. తాచుపాము మీద చెయ్యి వేసి మల్లెచెండు అనుకున్నట్టయింది నాకు.

"నా బిడ్డ పెండ్లిల రోకలి ముంగట వట్టింది నువ్వే గద టీచరమ్మా. ఇప్పుడు అది నిండు సూలాలు. దానికేమన్న అయితే?" అన్నాను.

"పట్టాను. నిన్ను పట్టమంటే నువ్వు దాక్కున్నావు. ఆ ఇంట్లో దానికి అందరికంటే మేలు కోరేవాళ్లం మనిద్దరమే, ఇద్దరమూ ఒకటే. ఒక్కరైనా పట్టాలి కదా సైదమ్మా" అంది. గుడి వైపు చూపించి, "మనిద్దరం ఇందాక దీపం ముందే నిలబడ్డాం. ఆగిందా?" అని అడిగింది.

తర్వాత తన సంగతి చెప్పింది. మొగుడు పోయిన కొత్తలో బొట్టు లేకుండా గుడికి బయలుదేరితే, కోదాడలో ఒక్క తల్లీ తన పిల్లను ఆమె వెంట పంపలేదట. అందుకే ఊరు మారి బొట్టు పెట్టుకుందట. నేనున్నన్ని రోజులు పిల్లల కోసం దాచు, తర్వాత నీ ఇష్టం అంది. మిర్యాలగూడ దాటేదాకా బస్సులో ఆమె పక్కన కూర్చోలేకపోయాను. మిల్లుల ఊక దుమ్ము కిటికీలోంచి కొట్టినా కళ్లు మూయలేదు. మూస్తే రోకలి కనబడుతోంది.

రేణుకకు నొప్పులొచ్చి సూర్యాపేట దవాఖానలో చేర్చాం. ఎలా తెలిసిందో టీచర్ వచ్చింది. కాన్పుల గది బయట అందరూ చెప్పులు విడిచే చోట ఆగిపోయి, "నువ్వు లోపలికి పో సైదమ్మా, చెప్పులు నేను చూస్తాను" అంది. నన్ను దెప్పడానికి కాదు. నా భయం ఆమెకు తెలుసు. అంతటి మనిషి, పురాణాలన్నీ నోటికి వచ్చిన మనిషి, నా మూలంగా చెప్పుల మధ్య నిలబడింది. లోపల బిడ్డ ఏడ్చింది. తల్లీబిడ్డా క్షేమం అన్నారు. మనవరాలిని బట్టలో చుట్టి ఇస్తే, ఎవరినీ అడగకుండా బయటికి తెచ్చి ముందు టీచర్ చేతుల్లో పెట్టాను. ఆమె బిడ్డ ముక్కు దగ్గర చెంప పెట్టి ఊపిరి చూసుకుంది.

టీచర్ కిందటేడు పోయింది. నేను ఇప్పటికీ బొట్టు పెట్టుకోను, చెయ్యి రాదు. కానీ పిల్లల వెంట ఏ గుడికి పోయినా చెప్పుల దగ్గర కూర్చోను. లోపలికి పోతాను, వాళ్లేం చూశారో అడుగుతాను.

రేణుక రాయడం ఆపింది. మొహం తెల్లబోయి నన్నే చూస్తోంది. ఆ రోజు మెట్ల మీద నా మొహం ఇలాగే ఉండి ఉంటుంది. తర్వాత గదిలో నిద్రపోతున్న తన బిడ్డ వైపు చూసింది. కాగితం పక్కన పెట్టి లేచి, మూలనున్న రోకలి తెచ్చి కడిగింది. తడి తుడిచి కంకణం కట్టింది.

"రేపు పొయ్యికాడ ఎవలన్న ఉంటరు తియ్యి. నువ్వు రోటికాడికి రావాలె అమ్మా" అంది.

వస్తానన్నాను. ఇది కూడా రాయమని కాగితం మళ్లీ దాని చేతిలో పెట్టాను.