మార్తమ్మత్త చేతివేళ్లు

పొద్దున ఆముదం సీసా మూత తీయగానే ఆ జిడ్డు వాసన ముక్కుకు తగిలింది. చలికి నా వేళ్ల కణుపులు తెల్లగా పొట్టు లేచి, గిన్నెలు తోముతుంటే చురుక్కుమంటున్నాయి. మార్తమ్మత్త ఉండి ఉంటే ఈపాటికి తిట్టేది. కల్లూరులో మా పక్కింటి మనిషి ఆమె. ప్రసూతి ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసింది. ఎంతమంది పసిపిల్లలకు నూనె పట్టిందో లెక్కే లేదు. ఆదివారం చర్చికి పోయే పూట తప్ప ఆమె చేతులు ఊరికే ఉండగా నేను చూడలేదు.

నేను రేషన్ దుకాణం నడుపుతాను. మిషన్ మీద వేలిముద్ర పడితేనే బియ్యం, పడకపోతే ఆ నెలకు అంతే సంగతులు. దుకాణం చేతికొచ్చిన మొదటి చలికాలం ఆ మిషన్ నా ప్రాణం తీసింది. ముసలివాళ్లు ఎవరు వేలు పెట్టినా ఎర్రలైటే. నాకా ముక్కు మీద కోపం. వేళ్లకు మురికి పట్టిందనుకుని, ఇంటికి పోయి సబ్బుతో బాగా రుద్దుకుని రమ్మని అందరినీ తరిమేదాన్ని. నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో రోజంతా చేతులు నీళ్లలో నానే కంబగిరి తాతను మూడు రోజులు అలాగే తిప్పాను. మూడో రోజుకు పాపం, రుద్ది రుద్ది ఆయన వేళ్లు పగిలి నెత్తురు కారుతున్నాయి.

పక్కవాకిట్లో నుంచి మార్తమ్మత్త అది చూసి లేచి వచ్చింది.

"ఏమే పాపా, తోలు ఎండి పగిలినోన్ని సబ్బు పెట్టుకోమంటాండావా? ఉండే జిడ్డు గూడా పాయె. ఇంగ గీతలు యాడుంటాయి?"

"నన్నేం చేయమంటావత్తా? నూనె పూసి పెట్టిస్తే అద్దమంతా జిడ్డయి అసలుకే పడలేదు" అన్నాను విసుగ్గా.

"పెట్టే ముందర పూస్తే ఏం లాభం? తోలుకు పట్టల్ల గదా."

ఆ సాయంత్రం తాతను తన అరుగు మీద కూర్చోబెట్టింది. గోరువెచ్చటి నీళ్లలో చేతులు ముంచి, గుడ్డతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే ఆముదం పట్టించింది. ఒక్కో వేలినీ పసిపిల్ల వేలిలా పట్టుకుంది. "మంట కాడ చేతులు కాపుకోవద్దప్పా, ఇంగా ఎండిపోతాయి. పొద్దున పొడిగుడ్డతో తుడుసుకోని రా" అంది. రోజూ అలాగే పట్టిస్తే నాలుగు రోజులకు పచ్చలైటు వెలిగింది. తాత బియ్యం ఎత్తుకుని పోతుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు.

అప్పటినుంచి చలికాలం వస్తే చాలు, సాయంత్రాలు ఆమె అరుగు నిండిపోయేది. ఆముదం నేను కొనిచ్చేదాన్ని. మా దుకాణంలో ఎర్రలైటే రాదని గొప్పలు కూడా పోయాను.

నాలుగో ఏడు చలికాలంలో, బియ్యం తీసుకోనివాళ్ల పేర్లు చూస్తుంటే మార్తమ్మత్త పేరు కనపడింది. అంతకుముందు నెలా తీసుకోలేదు. ఎప్పుడూ ఆమె మనవరాలు వచ్చి వేలు పెట్టేది. ఆ పిల్ల పెళ్లయి డోన్ పోయాక కార్డులో ఈమె ఒక్కతే మిగిలింది. గోడ పక్కనే ఉండి నేను గమనించనే లేదు. పరిగెత్తుకుంటూ పోయి అడిగాను.

"నావి పడవులే పాపా. ఫినాయిలు నీళ్లకు అరిగిపోయినాయి. నేనొచ్చి నిలబడితే నీకే కష్టం. లేదనలేవు, ఇయ్యలేవు."

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. నోటికొచ్చినట్టు తిట్టి, నీళ్లు కాచి, ఆమె చేతులు నా ఒళ్లో పెట్టుకున్నాను. అన్నేళ్ల పరిచయంలో ఆ చేతులు ముట్టుకోవడం అదే మొదటిసారి. నాపరాయిలా నున్నగా ఉన్నాయి. సిగ్గుపడి వెనక్కి లాక్కుంది, నేను వదల్లేదు. అయిదు సాయంత్రాలు పట్టించాను. ఆ నెల బియ్యం ఇచ్చే గడువు చివరి రోజున తొమ్మిది వేళ్లకు ఎర్రలైటే వచ్చింది. ఎడమచేతి చిటికెనవేలు పెట్టగానే పచ్చగా వెలిగింది. ఆమె ఆ వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"సూడు, ఇదొకటి మిగిలుండాది" అని నవ్వింది.

మార్తమ్మత్త పోయి రెండేళ్లయింది. ఇప్పుడు చలికాలంలో పదో తేదీ దాటగానే, గడువు ఇంకా ఉండగానే, దుకాణానికి రానివాళ్లెవరో చూసుకుని ఆముదం సీసాతో వాళ్ల ఇళ్లకు నేనే పోతాను. మంచి పని చేస్తున్నావని ఎవరైనా అంటే సీసా మూత బిగించుకుని పక్కింటికి నడుస్తాను. బియ్యానికి రాని ఆ రెండు నెలలు మార్తమ్మత్త పొయ్యి మీద ఏం వండుకుందో నేను చివరిదాకా అడగలేకపోయాను.