ఇరుపక్షాల బాధ్యతకు ఐదు మార్కులు

2023వ సంవత్సరం, ఆగస్టు నెల. తిరుపతిలో యూనివర్సిటీ పరీక్షల విభాగం వాళ్ల పాత హాల్లో రీవాల్యుయేషన్ పత్రాలు దిద్దుతున్నాం. తిరుగుతున్నా గాలి రాని ఫ్యాన్లు, పొడవాటి బల్లలు, దారంతో కట్టిన జవాబు పత్రాల కట్టలు. చిత్తూరు జిల్లాలోని ప్రభుత్వ కళాశాలల్లో ఇరవై తొమ్మిదేళ్లు రాజనీతిశాస్త్రం చెప్పిన నాకు ఈ హాలు పుట్టింటి మాదిరే అలవాటు. మా పిల్లలు మూడు గంటలు పరీక్ష రాస్తే, ఆ చేతిరాతలతో మేము మూడు వారాలు పరీక్ష రాస్తామని మా వాళ్లతో అనేదాన్ని.

ఈ పని బయటివాళ్లకు తెలిసేది కాదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. పత్రం మా చేతికి వచ్చేసరికి దాని మీద పేరు, ఊరు ఉండవు. కోడ్ నంబరు ఒక్కటే ఉంటుంది. ఏ ప్రశ్నకు ఏ అంశం రాస్తే ఎన్ని మార్కులు వేయాలో చెప్పే కాగితం ఒకటి ఇస్తారు. దాని పేరు స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్. మేము ‘కీ’ అంటాం. ఫెయిలైనవాళ్లు రుసుము కట్టి రీవాల్యుయేషన్ అడిగితే ఇంకొకరు దిద్దుతారు. మొదటివారికీ రెండోవారికీ మరీ తేడా వస్తే పత్రం మూడో మనిషి దగ్గరికి పోతుంది. ఆ మూడో మనిషి వేసిన మార్కులే ఖాయం.

ఆ రోజు నా బల్ల మీదికి అలాంటి పత్రం ఒకటి వచ్చింది. దూరవిద్య బి.ఏ. చివరి సంవత్సరం, అంతర్జాతీయ సంబంధాలు, తెలుగు మీడియం. డెబ్బై అయిదు మార్కుల పేపరు, ముప్పై వస్తే పాస్. పాత మార్కులు మూడో మనిషికి చెప్పకూడదు. కానీ మా సూపరింటెండెంటుకు నోట్లో ఏదీ దాగదు.

“మొదటాయన ఇరవై రెండు, రెండో ఆయన ముప్పై ఆరు. సూడండి మేడమ్, మధ్యలో ఒకటి ఏసేస్తే ఎవురికీ నొప్పుండదు” అన్నాడు.

మధ్యలోది అంటే ఎంత? ఇరవై తొమ్మిది. నేను నవ్వుతూనే లెక్క వేసి, పెన్సిల్‌తో పత్రం అంచున ఆ అంకె రాసి పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే పత్రం తెరవకముందే రాశాను. తర్వాత చూస్తే అది పాస్‌కు ఒక్క మార్కు తక్కువ. ఎవరికీ నొప్పి లేకుండా వేద్దామనుకున్న అంకెతో రాసిన మనిషి ఫెయిలవుతుంది. నా మీద నాకే చిరాకు వేసింది. పెన్సిల్ గీత చెరిపేసి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను.

గొడవంతా పదిహేను మార్కుల ఒక్క ప్రశ్న దగ్గరే ఉంది. ‘ఉక్రెయిన్‌పై రష్యా దాడికి కారణాలు, బాధ్యత, అంతర్జాతీయ స్పందనలను చర్చించండి.’ సూపరింటెండెంటు కట్టలోనే వదిలేసిన పాత మార్కుల చీటీల ప్రకారం ఒకరు దానికి రెండు మార్కులు వేశారు, ఇంకొకరు పద్నాలుగు. ఇద్దరూ చదివింది ఒకే మూడు పేజీలు.

చేతిరాత గుండ్రంగా, కుదురుగా ఉంది, ఆడమనిషి రాత అనుకున్నాను. నాటో తూర్పుకు విస్తరించడం, రష్యా భద్రతా భయాలు, 2014లో క్రిమియా, తూర్పు ప్రాంతాల్లో పోరు, అన్నీ వరసగా రాసింది. ఆ తర్వాత ఇలా ఉంది: “పైన చెప్పినవన్నీ కారణములు. కారణం వేరు, తప్పు వేరు. భయం వేసినవాడు తన ఇంటికి గట్టి తలుపు పెట్టుకోవాలి. పక్కవాళ్ల ఇంట్లోకి వచ్చి కూర్చోకూడదు. కావున బాధ్యత దండెత్తిన దేశానిదే.”

నేను చదవడం ఆపి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. ముప్పై ఏళ్లుగా నేను దిద్దిన జవాబుల్లో ‘ఒకవైపు’, ‘మరోవైపు’ అనే మాటలు ఎన్ని వేల సార్లు వచ్చి ఉంటాయో. అలా రాయమని నేర్పింది కూడా మేమే. ఏ పక్షమూ తీసుకోవద్దు, మార్కులు పోవు అని చెప్పి పంపేవాళ్లం. ఈమె ఎవరో గానీ అన్ని కారణాలూ ఒప్పుకుని, ఆ తర్వాత ఒక మాట మీద నిలబడింది.

అంతమాత్రాన జవాబంతా బాగుందని కాదు. అంతర్జాతీయ స్పందన దగ్గర బోర్లా పడింది. భద్రతా మండలి రష్యాను ఖండించిందని రాసింది. అక్కడ రష్యా వీటో చేసింది, ఖండించింది జనరల్ అసెంబ్లీ. మన దేశం ఓటింగ్‌కు దూరంగా ఉన్న సంగతే లేదు. దాని వెనుక పాత స్నేహం, ఆయుధాలు, చమురు, అక్కడ చిక్కుకున్న మన విద్యార్థులు, ఇలా ఎన్ని లెక్కలున్నాయో మేము క్లాసుల్లో గంటలు గంటలు చెప్పాం. ఆంక్షల గురించి ఒక్క ముక్క రాసి, “ప్రపంచ దేశాలు పెద్దమనుషుల మాదిరి వచ్చి ఇద్దరూ సర్దుకోండి అని చెప్పి పోయినవి” అని ముగించింది. అది నిజం కాదు. చాలా దేశాలు గట్టిగానే మాట్లాడాయి, ఆయుధాలూ ఇచ్చాయి. పద్నాలుగు వేసిన మనిషి తనకు నచ్చిన మాట కనబడగానే మిగతాది చూడలేదన్నమాట.

మరి రెండు మార్కులు వేసింది ఎవరు? అడగకూడదు. కానీ ఆ చీటీలో బాధ్యత దగ్గరి సున్నా మధ్యలో చుక్క ఉంది. ఆ అలవాటు మా శిబిరంలో ఒక్క రెడ్డెప్పకే ఉంది. పాకాల దగ్గర కాలేజీలో చెప్పేవాడు, నాకంటే అయిదారేళ్లు చిన్న, పనిలో మహా నికార్సయిన మనిషి. టీ తాగేటప్పుడు నంబరు చెప్పకుండా ఆ జవాబు సంగతి ఎత్తాను.

“పక్కింటి తలుపు కతే కదా మేడమ్? మర్చిపోతానా!” అన్నాడు.

“బాధ్యత దగ్గర సున్నా ఎందుకు వేసినావు రెడ్డెప్పా?”

“కీలో ఏముండాది? ‘ఇరుపక్షాల బాధ్యత, ఐదు మార్కులు’ అని ఉండాది. ఆయమ్మ ఒక పక్షమే రాసింది. కారణాలు రాసి మళ్లా అయి లెక్కకు రావని తానే కొట్టేసింది. నేనేం సేసేది?”

“నీకేమనిపిస్తుంది? యుద్ధం ఎవరి తప్పు?”

“నాకనిపించేదానికి మార్కులు ఏసేదానికి నేనెవుడు మేడమ్? ఆ సంగతి మా ఇంట్లోనే తేలలా. మావోడు రష్యాది అంటాడు, మా నాయన అమెరికాది అంటాడు. అన్నం సల్లారిపోతా ఉండాది తినండ్రా అంటా నేను.” టీ గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు. “అయినా ఆ కీ రాసిచ్చింది మీరే కదా మేడమ్.”

అవును. నేనే రాశాను. ఆ ఏడాది ఆ పేపరుకు కీ తయారు చేసింది నేనే. పత్రం చదువుతున్నంతసేపూ ఆ సంగతి నాకు తెలుసు. రెడ్డెప్ప నోటి నుంచి వచ్చేదాకా తెలియనట్టు కూర్చున్నాను, అంతే.

ఎందుకలా రాశానని అడిగితే నా దగ్గర కారణాలకు కొదవ లేదు. టీవీల్లో దీని మీద రోజూ కేకలు. ఒక దేశానిదే తప్పని కీలో రాస్తే ఎవరో ఒకరు పైకి ఫిర్యాదు రాస్తారు. ఇద్దరిదీ అంటే ఎవరూ నోరెత్తరు. ఇరుపక్షాలకూ బాధ్యత ఉందని వాదించే పండితులు లేకపోలేదు, అలా రాసినవాళ్లకు మార్కులు ఇవ్వాల్సిందే. కానీ అలా ఒప్పుకోనివాళ్లకు సున్నా పడేట్టు నేను రాసిచ్చాను. ఎవరి పక్షమూ వద్దనుకుంటూనే ఒక అభిప్రాయాన్ని తప్పనిసరి చేశాను. రెడ్డెప్ప నేను చెప్పినట్టు నడుచుకున్నాడు. అతని మీద కోపం తెచ్చుకోవడానికి నాకు హక్కు లేదు.

వెనక్కి వచ్చి దిద్దాను. కారణాలకు నాలుగు, బాధ్యత మీద వాదనకు నాలుగు, స్పందనకు ఒకటి. తొమ్మిది. మిగతా పేపరులో ఇరవై రెండు. మొత్తం ముప్పై ఒకటి. జాలిపడి పాస్ చేశానేమోనన్న అనుమానంతో మిగతా జవాబులు మళ్లీ దిద్దాను. ముప్పై ఒకటే వచ్చింది.

ఆ మర్నాడు పరీక్షల విభాగానికి ఉత్తరం రాశాను. కీలో లోపం ఉంది, ఆ ప్రశ్న రాసి ఫెయిలైనవాళ్లందరి పత్రాలూ మళ్లీ చూడాలి అని. ఫలితాలు ప్రకటించేశాం, రుసుము కట్టి అడిగినవారివే చూస్తాం అని జవాబు వచ్చింది. నేను ఇంకో ఉత్తరం రాయలేదు. ఆ డిసెంబరులో రిటైరయ్యాను. శాలువా కప్పారు, దండ వేశారు, నిష్పక్షపాతి అని పొగిడారు. ఆ మాట వినపడగానే తల దించుకున్నాను, వినయం అనుకున్నారు.

రెండేళ్లు గడిచాయి. పుత్తూరులో దూరవిద్య ఎం.ఏ. చదివేవాళ్లకు ఆదివారాలు క్లాసులు చెబుతున్నాను. ఒక ఆదివారం క్లాసయ్యాక నలభై దగ్గరి మనిషి ఒకామె ఆగింది. పేరు అముద. నగరి పక్కన పల్లెలో అంగన్‌వాడీ టీచరుగా పదిహేనేళ్లు చేసి, డిగ్రీ వచ్చాక సూపర్‌వైజరు అయిందట. సంచిలోంచి కాగితాలు తీసింది. జవాబు పత్రం జిరాక్సు. రుసుము కడితే ఇస్తారు. ఆ గుండ్రటి చేతిరాత చూడగానే గుర్తుపట్టాను.

“మేడమ్, దీనికి ఒకరు రెండు ఏసినారు, ఇంకొకరు పద్నాలుగు, ఆకిరికి తొమ్మిది. నేను రాసింది రైటా తప్పా, ఎవుర్ని అడిగినా సెప్పలా. మీరన్నా సెప్పండి.”

“పెద్దమనుషులు సర్దుకోండి అని పోయారని రాశావే, అది ఎందుకు రాశావు?” అని అడిగాను.

ఆమె కాస్త సిగ్గుపడింది. “అది మా సెంటర్ కత మేడమ్. పక్కింటాయన మేకల కొట్టం తెచ్చి మా పిల్లోళ్లు ఆడుకునే జాగాలో ఏసినాడు. పిల్లోళ్ల గలాటాకి నిద్ర పట్టలేదంట, మేకలకు నీడ లేదంట. పెద్దోళ్లందరూ వచ్చినారు. ఇద్దరిదీ తప్పుండాది, సగం సగం తీసుకోండి అని తీర్పు సెప్పి పోయినారు. మాది మాకు సగం ఇచ్చినారు మేడమ్! పరీక్షలో ఆ ప్రశ్న సూడంగానే అదే గేపకం వచ్చింది.”

ఆమె ఆ తప్పు ఎందుకు రాసిందో అప్పుడు అర్థమైంది. భద్రతా మండలి, జనరల్ అసెంబ్లీ తేడా చెప్పాను. మిగతాది రైటేనన్నాను. ఆ తొమ్మిది వేసింది నేనేనని చెప్పకూడదు, చెప్పలేదు.

జిరాక్సు మడుస్తూ అంది. “నాకన్నా మా పక్క సెంటర్ టీచరు కస్తూరి బాగా సదువుతాది మేడమ్. ఇద్దరం కలిసే సదివినాము, అదే జవాబు రాసింది. ఇరవై ఆరు వచ్చి ఫెయిలైపాయ. ఫీజు కట్టి తిరగా అడిగేదానికి వాళ్ల ఇంటాయన ఒప్పుకోలా. సదువే ఇడిసిపెట్టేసింది.”

ఇంటికి వెళ్లేటప్పుడు రైల్లో రేణిగుంట వచ్చేదాకా ఒకటే కూడిక చేస్తూ కూర్చున్నాను. ఇరవై ఆరుకు నాలుగు కలిపితే ముప్పై.

తర్వాతి ఆదివారం అముదను వెంటబెట్టుకుని నగరి వెళ్లాను. కస్తూరి ఇంటి ముందు గదిలోనే పవర్‌లూమ్ మగ్గం ఉంది. మమ్మల్ని చూసి మోటారు ఆపింది. ముక్కాలిపీట తుడిచి వేసింది. నేను చుట్టూ తిప్పకుండా చెప్పాను.

“ఆ పేపరు కీ రాసింది నేను కస్తూరీ. అందులో తప్పు ఉంది. ఆ తప్పు వల్లే నీకు ఆ జవాబు దగ్గర సున్నా పడి ఉంటుంది. నీది కాదు, నా తప్పు.”

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. అంచు మీద తెగిన దారం ముడి వేస్తూ అడిగింది.

“ఎప్పుడు తెలిసింది మేడమ్ మీకు?”

“ఆ ఏడాది ఆగస్టులోనే.”

“సూపర్‌వైజర్ పోస్టులకు ఆ మరుసటేడు పిల్చినారు. అముదకు వచ్చింది.” దారం కొస కొరికి తెంచింది. “ఇప్పుడు నాకు వయసు దాటిపాయ. ఈ మాట అప్పుడే వచ్చి సెప్పింటే బాగుండు కదా మేడమ్.”

రూల్స్ ఒప్పుకోలేదని, పేర్లు నాకు తెలియవని, ఉత్తరం రాశానని, చెప్పడానికి చాలానే ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు. “అవునమ్మా, చెప్పాల్సింది” అన్నాను. అప్పుడే రెండో ఉత్తరం రాసి ఉండవచ్చు. పత్రికకు రాసి ఉండవచ్చు. ప్రతి స్టడీ సెంటరుకూ వెళ్లి రీవాల్యుయేషన్ అడగండని చెప్పి ఉండవచ్చు. ఇవేవీ రూల్స్‌కు విరుద్ధం కావు.

ఎటూ మొగ్గకుండా ఉంటే ఎవరికీ అన్యాయం జరగదని నా ఉద్యోగమంతా నమ్మాను. ఆ నమ్మకం నగరిలో పోయింది. ఇంకొకటి కూడా తెలిసింది. పరీక్ష ఫీజుకు గడువు ఉన్నట్టే తప్పు ఒప్పుకోవడానికీ ఉంటుంది. నేను ఆ గడువు దాటాక వెళ్లాను.