పుత్తూరు కట్టు

మా పుత్తూరులో ఆటో తోలే మునిరత్నం ఎడమచేయి వంకర. ఇరాక్ యుద్ధం రోజుల్లో అతను అక్కడ విదేశీ సైన్యానికి డీజిల్ ట్యాంకర్ నడిపాడు. ఒకరోజు ట్యాంకర్ మీంచి జారిపడి చేయి విరిగింది. కోడిగుడ్డు సొన పూసి, చెక్క దబ్బలు పెట్టి, చిన్నప్పటినుంచీ మా ఊరి ఎముకల వైద్యుల దగ్గర చూసినట్టే తనే కట్టు కట్టుకున్నాడు.

మర్నాడు ఒంటిచేత్తో ట్యాంకర్ తోలుకుంటూ పోతుంటే, చెక్‌పోస్టులో ఒక విదేశీ సైనికుడు ఆ లావుపాటి కట్టు చూసి బాంబనుకున్నాడు. తుపాకి గురిపెట్టి, రెండు చేతులూ ఎత్తమని అరిచాడు. మునిరత్నానికి ఒక్క చేయే లేచింది. సైనికుడు మళ్ళీ అరిచాడు. వెనక ట్యాంకర్ నిండా డీజిల్. మునిరత్నం పళ్ళు బిగబట్టి రెండోదీ ఎత్తాడు. లోపల ఫట్‌మని ఏదో విరిగింది, దబ్బో ఎముకో అప్పుడు తెలియలేదు.

కట్టంతా కోసి చూశాక, సైనికుడు అడిగిన మాట ఒక్కటే: “నీది ఏ దేశం? ఇక్కడ నీకేం పని?”

“నువ్వేం చెప్పినావప్పా?” అన్నాను ఆటో వెనక సీట్లోంచి.

మునిరత్నం ఆటో ఆపి నా వైపు తిరిగాడు.

“వానిదీ ఆ దేశం కాదు గదప్పా! అదే మాట వాణ్ణి నేను అడగాల్సింది. తుపాకి వాని చేతిలో ఉండె.”